చచ్చే ముందు కెర్నెల్ చెప్పే మాట

(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఈ ఫోన్ చూడండి. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు కూడా కనపడేలా పైకెత్తుతున్నాను. వెనక అట్ట ఒక మూల లేచి ఉంది కదా, లోపల బ్యాటరీ ఉబ్బి అలా అయింది. బ్యాటరీ తీసేసే తెచ్చాను, భయపడొద్దు. ఈ ఫోన్‌లో ఎవరూ ఒక్కసారి కూడా హలో అనలేదు. సిమ్ పెట్టే ట్రే ఇప్పటికీ కొత్తగానే ఉంది. 14 నెలల పాటు ఇది రాత్రనక పగలనక ఒకే పని చేసింది. పడిపోవడం, లేవడం, మళ్లీ పడిపోవడం. పడిపోయేటప్పుడు ఎందుకు పడిపోతోందో ఒక మాట చెప్పి పడిపోయేది. ఆ మాటలు పోగు చేయడం నా ఉద్యోగం.

నాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. ఈ ఊళ్లోనే చదివాను, ఇప్పుడు బెంగళూరులో లైనక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, దాని టెస్టింగ్ చేస్తున్నాను. మీ హెచ్‌ఓడీ సార్ ఫోన్ చేసి ఏఐ మీద మాట్లాడమన్నారు. "సార్, ఆ ఏఐ నడిచే మెషీన్ కింద కూడా కెర్నెలే ఉంది, ఒక గంట దాని గురించి చెప్పనివ్వండి" అన్నాను. వెంటనే సరే అన్నారు. అందుకు సార్‌కు కృతజ్ఞతలు.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది కెర్నెల్‌లో బగ్‌లు వెతికే సిజ్‌కాలర్ అనే టూల్ గురించి. అందులోనూ ఒక్క భాగం గురించే. అది ఏయే మెషీన్ల మీద నడుస్తుంది, ఏ మెషీన్‌ను ఎలా లేపుతుంది, ఎలా వింటుంది అన్నది. టూల్ బగ్‌లు ఎలా వెతుకుతుందో చెప్పే వీడియోలు మీకు బోలెడు దొరుకుతాయి. మెషీన్ల గురించి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. పనిలోకి దిగాక మన టైం అంతా తినేది అదే.

అయినా మొదటి నుంచి రెండు మాటలు చెప్పుకోవాలి. మీరు రాసే ఏ ప్రోగ్రామ్ అయినా ఫైలు తెరవాలన్నా, నెట్‌లోకి ఒక ప్యాకెట్ పంపాలన్నా సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌ను అడగాలి. మామూలు ప్రోగ్రాములు మర్యాదగా అడుగుతాయి. సాకెట్ తెరుస్తాయి, వాడుకుంటాయి, మూస్తాయి. సిజ్‌కాలర్ అలా అడగదు. సాకెట్ తెరిచి, సగం సెట్ చేసి, ఇంకో థ్రెడ్ నుంచి మూసేసి, మూసిన దాన్నే మళ్లీ చదవమంటుంది. సైజు దగ్గర సున్నా పెడుతుంది, లేదంటే మైనస్ ఒకటి పెడుతుంది. అలాగని గుడ్డిగా ఏమీ చేయదు. ఏ కాల్‌కు ఎలాంటి ఆర్గ్యుమెంట్లు ఉంటాయో వివరంగా రాసిపెట్టిన వర్ణనలు దాని దగ్గర ఉంటాయి. గూగుల్‌లో పనిచేసే ద్మిత్రి వ్యూకోవ్ 2015లో దీన్ని మొదలుపెట్టారు. ఎక్కువ భాగం గో భాషలో ఉంటుంది. టెస్ట్ మెషీన్ లోపల కాల్స్ చేసే చిన్న భాగం మాత్రం సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది.

తాను పంపిన కాల్స్ వల్ల కెర్నెల్‌లో కొత్తగా ఏ కోడ్ నడిచిందో దానికి తెలియాలి. ఆ కబురు కెర్నెల్ లోపలే ఉండే కేకవ్ అనే భాగం చెబుతుంది. ఇది 2016లో లైనక్స్ 4.6తో కెర్నెల్‌లోకి వచ్చింది. కొత్త దారి తొక్కిన ప్రోగ్రామ్‌ను సిజ్‌కాలర్ దాచుకుంటుంది, దాన్నే అటూ ఇటూ మార్చి మళ్లీ వదులుతుంది. తప్పు జరిగినప్పుడు కేక పెట్టడానికి కాసాన్ ఉంది. అది 2015లో 4.0తో వచ్చింది. మెమరీలో ప్రతి 8 బైట్లకు ఒక బైటు చొప్పున పక్కన నీడలాగా పెట్టుకుని, ఆ 8లో దేన్ని ముట్టుకోవచ్చో దేన్ని ముట్టుకోకూడదో అందులో రాసుకుంటుంది. విడిచేసిన మెమరీని ఎవరైనా ముట్టుకున్నారా, అక్కడే పట్టేస్తుంది. కాసాన్ లేకపోతే ఆ తప్పు జరిగిన చోట ఏమీ తెలియదు. ఎప్పుడో గంట తర్వాత, సంబంధం లేని ఇంకో చోట కెర్నెల్ కూలుతుంది. అప్పుడు వెతకడం ఎవరి వల్లా కాదు.

ఇదంతా ఎంత పనికొచ్చిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. డీసీసీపీ అని ఒక నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఉంది, మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. 2005లో లైనక్స్‌లోకి వచ్చింది. దాని కోడ్‌లో ఒకే మెమరీని రెండుసార్లు విడిచేసే తప్పు ఉండేది. ఎన్నో ఏళ్లు ఎంతోమంది పెద్ద పెద్ద ఇంజినీర్లు ఆ కోడ్ చూశారు. 2017 ఫిబ్రవరిలో ఆంద్రే కోనోవలోవ్ సిజ్‌కాలర్‌తో దాన్ని బయటపెట్టేదాకా అది అలాగే ఉండిపోయింది. మామూలు యూజర్‌గా లాగిన్ అయిన మనిషి రూట్, అంటే మెషీన్ మొత్తానికి యజమాని, అయిపోగలిగేంత తప్పు అది.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పని ఎక్కడ చేయాలి? మీ ల్యాప్‌టాప్ మీదే నేరుగా నడిపితే ఐదు నిమిషాల్లో ల్యాప్‌టాప్ పోతుంది. దాంతోపాటు బగ్ గురించిన కబురు కూడా పోతుంది, ఎందుకంటే రాసుకోవాల్సిన మెషీనే పడిపోయింది కదా. అందుకని సిజ్‌కాలర్ రెండు ముక్కలుగా ఉంటుంది. మేనేజర్ ఒక గట్టి మెషీన్ మీద కూర్చుంటుంది, పడిపోవాల్సిన మెషీన్ వేరే ఉంటుంది. మేనేజర్‌కు ఆ రెండో మెషీన్ ఏ రకం అన్నది పట్టదు. లేవాలి, పంపిన ఫైలు తీసుకోవాలి, తిరిగి మేనేజర్‌తో మాట్లాడే దారి ఒకటి ఇవ్వాలి, చెప్పిన కమాండ్ నడపాలి, నడిపినంతసేపూ కెర్నెల్ అనే మాటలు బయటికి పంపుతూ ఉండాలి, చివరికి మూసుకోవాలి. ఇంతే. సిజ్‌కాలర్ కోడ్ తెరిస్తే వీఎం అనే ఫోల్డర్ కనపడుతుంది. దాని కింద ఒక్కో రకానికి ఒక్కో చిన్న ఫోల్డర్ ఉంటుంది. నేను కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ మేడమ్ మొదటి వారం ఆ ఫోల్డర్ తప్ప ఏమీ చదవొద్దన్నారు. ఆ మాట ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అన్నిటికంటే సులువైనది క్యూఎమ్యూ. మన కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే ప్రోగ్రామ్ అది. కన్ఫిగ్ ఫైలులో రకం క్యూఎమ్యూ అని రాసి, ఎన్ని వర్చువల్ మెషీన్లు కావాలో, ఒక్కోదానికి ఎన్ని సీపీయూలు, ఎంత మెమరీ ఇవ్వాలో, మీరు బిల్డ్ చేసిన కెర్నెల్ ఎక్కడుందో, డిస్క్ ఇమేజ్ ఎక్కడుందో రాస్తే చాలు. ఇమేజ్ తయారు చేసే స్క్రిప్ట్ సిజ్‌కాలర్‌తోనే వస్తుంది, డెబియన్‌ను చిన్నగా కుదించి ఒక ఫైలులో పెడుతుంది. మెషీన్ నడిచినప్పుడు డిస్క్ మీద రాసినవేవీ అసలు ఇమేజ్‌లోకి ఎక్కవు. పడిపోగానే పాతది పారేసి కొత్తది లేపుతుంది. పొద్దున రాసిన పలకను తుడిచి మళ్లీ ఇచ్చినట్టే. కెర్నెల్ చచ్చేటప్పుడు చెప్పిన మాటంతా సీరియల్ కన్సోల్, అంటే కెర్నెల్ తన మాటలను అక్షరాలుగా బయటికి పంపే దారి, రూపంలో క్యూఎమ్యూ నుంచి నేరుగా మేనేజర్ చేతిలో పడుతుంది. ఒక్క అక్షరం పోదు. వర్చువల్ మెషీన్ ఇచ్చే అసలు సుఖం ఇదే. అది మనకు చౌకగా రావడం తర్వాతి సంగతి.

మీ ల్యాబ్ మెషీన్లలో ఒకటి ముందే చూసుకోండి. డెవ్ డైరెక్టరీలో కేవీఎం అనే ఫైలు ఉందా? లేకపోతే బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేయండి. కేవీఎం అంటే వర్చువల్ మెషీన్‌ను నేరుగా ప్రాసెసర్ మీద నడిపించే ఏర్పాటు. అది లేకుండా క్యూఎమ్యూ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లో అనువదించుకుంటూ నడుస్తుంది. దాని మీద కాసాన్ బరువు కూడా పడితే బూట్ అవ్వడానికే నిమిషాలు పడుతుంది. అయితే ఆ నిదానం పూర్తిగా దండగ అనలేను. చేతిలో ఆర్మ్ బోర్డు, రిస్క్ ఫైవ్ బోర్డు లేనివాళ్లు కూడా అదే పద్ధతిలో ఆ కెర్నెల్‌లను మామూలు పీసీ మీద లేపి టెస్ట్ చేయగలుగుతున్నారు.

గూగుల్ వాళ్లు 2017 నుంచి సిజ్‌బాట్ అని ఒకదాన్ని నడుపుతున్నారు. అది ఎవరూ చెప్పకుండానే కొత్త కెర్నెల్ తెచ్చుకుని, బిల్డ్ చేసి, గూగుల్ క్లౌడ్ మెషీన్లలో వేసి, బగ్ దొరికితే కెర్నెల్ డెవలపర్లకు మెయిల్ పంపుతుంది. వేల బగ్‌లు అలా వెళ్లాయి. అక్కడ కూడా కన్సోల్ వేరే దారిలో వస్తుంది. మెషీన్ లోపలి నెట్‌వర్క్ చచ్చినా క్లౌడ్ ఇచ్చే సీరియల్ పోర్టు మాట్లాడుతూనే ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ మీద బీహైవ్, ఓపెన్‌బీఎస్‌డీ మీద వీఎంఎం, వీఎంవేర్, ఆండ్రాయిడ్‌ను ఫోన్ లేకుండా నడిపే కటిల్‌ఫిష్, ఇంకా మెషీన్ అనేదే లేకుండా యూజర్ ప్రోగ్రామ్‌గా నడిచే జీవైజర్ కూడా ఉన్నాయి. వాటి దగ్గర ఆగను. మేనేజర్ వైపు నుంచి చూస్తే అన్నీ ఇందాకటి నాలుగైదు పనులే.

కొంచెం ఆగాల్సింది ఇక్కడ. వర్చువల్ మెషీన్‌లో హార్డ్‌వేర్ ఉండదు కదా, మరి డ్రైవర్లను ఎలా టెస్ట్ చేస్తారు అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. కెర్నెల్ లోపలే ఉత్తుత్తి పరికరాలు ఉన్నాయి. వైఫైకి మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ అని ఒకటుంది, గాలిలో ఏ సిగ్నలూ లేకుండానే రెండు వైఫై కార్డులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. బ్లూటూత్‌కు వీహెచ్‌సీఐ ఉంది. కెమెరాకు వివిడ్ ఉంది. ఫైల్‌సిస్టమ్‌లకైతే చెడిపోయిన డిస్క్ ఇమేజ్ ఒకటి తయారు చేసి లూప్ డివైస్‌గా మౌంట్ చేస్తే సరిపోతుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది యూఎస్‌బీ. మీరు పెన్‌డ్రైవ్ గుచ్చగానే కెర్నెల్ దాన్ని నువ్వెవరు అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు, తనకు ఎన్ని ఎండ్‌పాయింట్లు, అంటే డేటా వచ్చిపోయే ద్వారాలు, ఉన్నాయి, ఏ రకానివి అని చెబుతుంది. ఆ నంబర్లను బట్టి కెర్నెల్ ఒక డ్రైవర్‌ను పిలుస్తుంది. డ్రైవర్ రాసినాయన తన టేబుల్ మీదున్న నిజమైన పరికరంతో చూసుకుని రాశాడు. ఆ పరికరానికి ఎప్పుడూ రెండు ఎండ్‌పాయింట్లు ఉన్నాయి కాబట్టి రెండూ ఉంటాయనే నమ్మి రాశాడు. ఇప్పుడు సిజ్‌కాలర్ ఏం చేస్తుందంటే, డమ్మీ హెచ్‌సీడీ అనే ఉత్తుత్తి యూఎస్‌బీ పోర్టు, రా గాడ్జెట్ అనే ఉత్తుత్తి పరికరం కలిపి కెర్నెల్‌లోనే ఒక వైరు లేని వైరు తయారు చేస్తుంది. అటు వైపు నుంచి, నాది ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, ఎండ్‌పాయింట్లు సున్నా అని చెబుతుంది. డ్రైవర్ ఆ మాట సరిచూసుకోకుండా రెండో ఎండ్‌పాయింట్ కోసం చెయ్యి చాపుతుంది. అక్కడ ఏమీ ఉండదు. కెర్నెల్ పడిపోతుంది. రా గాడ్జెట్ 2020లో 5.7తో అధికారికంగా కెర్నెల్‌లోకి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 2017 నవంబరులో, ఇందాక చెప్పిన కోనోవలోవే యూఎస్‌బీ డ్రైవర్లలో 14 భద్రతా లోపాలు ఒక్కసారిగా బయటపెట్టారు. ప్రపంచంలో ఏ షాపులోనూ దొరకని, పాడు బుద్ధితో తయారైన పరికరాన్ని వర్చువల్ మెషీన్ మాత్రమే రోజుకు లక్షసార్లు గుచ్చి తీయగలదు. మనిషి చేత్తో గుచ్చితే రోజుకు ఎన్నిసార్లు గుచ్చగలడు?

మరి ఇన్ని సుఖాలుండగా ఈ ఫోన్ ఎందుకు, ఈ ఉబ్బిన బ్యాటరీ ఎందుకు? మీ ఇళ్లలో చేను ఉన్నవాళ్లకు తెలిసే ఉంటుంది. కదిరి పరిశోధన కేంద్రంలో కొత్త శెనక్కాయ రకం తయారైతే ముందు కేంద్రం మళ్లలో వేసి చూస్తారు. అక్కడ నిలబడ్డాక కూడా రైతుల చేలల్లో వేసి చూస్తారు. కేంద్రం మడిలో మట్టి తెలుసు, తడి తెలుసు, పురుగు పడితే వెంటనే చూసే మనిషి ఉన్నాడు. మన చేలో వాన ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. రెండు చోట్లా వేయకుండా రకం గురించి గట్టిగా ఏమీ చెప్పలేరు. ఫోన్ కూడా అంతే. ఫోన్‌లో ఉండే జీపీయూ డ్రైవర్, కెమెరా డ్రైవర్, మోడెమ్ డ్రైవర్ క్యూఎమ్యూలో లేవవు. లేపాలంటే ఆ చిప్ ఉండాలి. ఆ మూడింటిలో మామూలు యాప్ కూడా నేరుగా ముట్టుకోగలిగేది జీపీయూ డ్రైవర్‌నే. దాన్ని టెస్ట్ చేయకుండా ఫోన్ కెర్నెల్ టెస్ట్ చేశామని చెప్పుకోలేం.

ఫోన్‌తో మొదటి చిక్కు, చివరి మాట వినడం. కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే ఏడీబీ అనే టూల్ ద్వారా ఫైలు పంపొచ్చు, కమాండ్ నడపొచ్చు. కానీ ఏడీబీ కూడా ఆ ఫోన్ లోపల నడిచే ప్రోగ్రామే. కెర్నెల్ పడిపోతే అదీ పోతుంది.

మా నాయన బోరుకు మొబైల్ స్టార్టర్ పెట్టించాడు. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే మోటార్ ఆడుతుంది, మోటార్ ఆన్ అయిందని మెసేజ్ కూడా వస్తుంది. మెసేజ్ వచ్చినా ఆయన చెప్పులేసుకుని తొట్టి దాకా పోయేవాడు. "మెసేజ్ వచ్చింది కదా నాయనా, ఇంక ఎందుకు పోయేది?" అని అడిగాను ఒకసారి. "స్టార్టర్ పడిందని చెప్పింది అబ్బీ, నీళ్లు పడినాయని చెప్పలేదు గదా" అన్నాడు. ఫోన్‌ల ర్యాక్ ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. ఏడీబీ కనెక్ట్ అయిందంటే ఏడీబీ కనెక్ట్ అయిందనే అర్థం. కెర్నెల్ సంగతి తెలియాలంటే తొట్టి దగ్గరకు పోవాలి.

ఆ తొట్టి ఏమిటంటే సీరియల్ కన్సోల్. పాత నెక్సస్ ఫోన్‌లలో అది హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చేది. ప్రత్యేకమైన కేబుల్ పెడితే పాటలకు బదులు కెర్నెల్ లాగ్ వచ్చేది. ఆ తర్వాత సుజీక్యూ అనే కేబుల్ వచ్చింది. యూఎస్‌బీ సీ పోర్టులోంచే ఏడీబీ ఒక దారిలో, కన్సోల్ ఇంకో దారిలో వస్తాయి. మామూలు చార్జింగ్ కేబుల్ పెడితే ఇది రాదు. కేబుల్ కొనకుండా ఫోన్లు కొనేసిన టీమ్‌లను నేను చూశాను.

ఇప్పుడు ర్యాక్‌లో ఎనిమిది ఫోన్లు ఉన్నాయనుకోండి. కంప్యూటర్‌కు ఎనిమిది సీరియల్ పోర్టులు కనపడతాయి, టీటీవై యూఎస్‌బీ సున్నా, ఒకటి, రెండు అని. ఏ పోర్టు ఏ ఫోన్‌ది? కంప్యూటర్ రీస్టార్ట్ అయితే నంబర్లు తారుమారవుతాయి. సిజ్‌కాలర్ దీనికి చేసే పని చదివినప్పుడు నాకు చాలా ఆనందమేసింది. ఫోన్‌లోకి ఏడీబీ ద్వారా వెళ్లి, ఆ ఫోన్ సీరియల్ నంబరునే కెర్నెల్ లాగ్‌లోకి రాయిస్తుంది. ఒక రకంగా, నీ పేరు నువ్వే గట్టిగా అరిచి చెప్పు అన్నట్టు. ఇటు అన్ని పోర్టుల దగ్గరా చెవి పెట్టుకుని ఉంటుంది. ఏ పోర్టులోంచి ఆ పేరు వినపడిందో అదే ఆ ఫోన్ కన్సోల్. చీకట్లో తప్పిపోయిన పిల్లాణ్ణి పేరుపెట్టి పిలిచి పట్టుకున్నట్టుగా ఉంటుంది.

రెండో చిక్కు కరెంటు. క్యూఎమ్యూకు బ్యాటరీ లేదు. ఫోన్‌కు ఉంది. యూఎస్‌బీ నుంచి వచ్చే చార్జ్ కంటే ఫజ్జింగ్, అంటే ఇలా అడ్డదిడ్డమైన కాల్స్ పంపి పరీక్షించడం, తినే కరెంటే ఎక్కువగా ఉంటుంది. అందుకని సిజ్‌కాలర్ ఒక్కో రౌండ్‌కు ముందు బ్యాటరీ ఎంతుందో చూస్తుంది. 20 శాతం కంటే తగ్గితే పని ఆపేస్తుంది, 30 శాతం అయ్యేదాకా కదలదు. ఎంత చిన్న విషయమో చూడండి. దీన్ని రాసినాయన ఎన్ని చచ్చిన ఫోన్ల ముందు కూర్చుని ఉంటే ఈ నాలుగు వరుసల కోడ్ రాసి ఉంటాడు!

మాకు అది తెలిసొచ్చిన రోజు చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన చోట ఎనిమిది ఫోన్లకూ కలిపి ఒకే యూఎస్‌బీ హబ్ పెట్టాం. శుక్రవారం సాయంత్రం అన్నీ మొదలుపెట్టి, బ్యాటరీ చూసే ఆప్షన్ వల్ల పని నెమ్మదిస్తోందని దాన్ని నేనే ఆఫ్ చేసి, ఊరికొచ్చేశాను. సోమవారం పోయి చూస్తే ఎనిమిదీ నల్లగా ఉన్నాయి. హబ్ అందరికీ సరిపడా కరెంటు ఇవ్వలేకపోయింది. ఒక్కొక్కటే శనివారం మధ్యాహ్నానికల్లా చచ్చిపోయాయి. మేనేజర్ మాత్రం బతికే ఉంది. దాని పేజీలో ఒకే బగ్ పేరు వందలసార్లు ఉంది: లాస్ట్ కనెక్షన్ టు టెస్ట్ మెషీన్. అందులో ఒక్కటి కూడా కెర్నెల్ బగ్ కాదు. కరెంటు బగ్. దాని వెనక రెండు నిజమైన కాసాన్ రిపోర్టులు నలిగిపోయి ఉన్నాయి, వాటిని ఏరి తీయడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది. తప్పు నాది. ఆ తర్వాత ప్రతి ఫోన్‌కూ విడిగా కరెంటు వచ్చే హబ్‌లు తెప్పించాం, ర్యాక్‌కు ఫ్యాన్లు బిగించాం. అయినా ఎండాకాలంలో ఈ ఫోన్ ఇలా ఉబ్బింది. మీరు అనంతపురంలో ఇలాంటి ర్యాక్ పెడితే ముందు ఏసీ గురించి ఆలోచించండి, తర్వాత ఫోన్ల గురించి.

ఫోన్ కాకుండా బోర్డులు, మామూలు పీసీలు కూడా పెట్టొచ్చు. దానికి ఐసోలేటెడ్ అనే రకం ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతిలో, లోపలికి వెళ్లగలిగితే చాలు, ఆ మెషీన్ ఏదైనా సరే. వినడానికి ఎంత తేలికో వాడటానికి అంత కష్టం. మెషీన్ పడిపోయాక ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు, చివరి మాట అందదు. అందుకే పీస్టోర్ వాడతారు. కెర్నెల్ కూలేటప్పుడు తన ఆఖరి లాగ్‌ను రీబూట్ అయినా చెరగని చోట పడేసి పోతుంది, అంటే ఫర్మ్‌వేర్ మెమరీలో గానీ, రామ్‌లో పక్కన పెట్టుకున్న ముక్కలో గానీ. మళ్లీ లేచాక ఆ ఫైలు తీసి చదువుకోవడమే. చనిపోయే ముందు దిండు కింద చీటీ పెట్టి పోయినట్టు.

లేచాక అన్నాను, లేస్తుందా అన్నది ఇంకో సంగతి. కూలిన తర్వాత ఇన్ని సెకన్లకు తనంతట తానే రీబూట్ అవమని కెర్నెల్‌కు ముందే చెప్పి పెట్టొచ్చు. అది కూలితే పనిచేస్తుంది. కూలకుండా బిగుసుకుపోతే పనిచేయదు. అప్పుడు కరెంటు తీసి పెట్టాల్సిందే. రాత్రి రెండు గంటలకు ఎవరు తీసి పెడతారు? అందుకని రిలే బోర్డుతో గానీ, నెట్‌వర్క్ నుంచి ఆన్ ఆఫ్ చేయగలిగే పవర్ బోర్డుతో గానీ బోర్డు ప్లగ్‌ను స్క్రిప్ట్ చేతిలో పెట్టాలి. ఎంబెడెడ్ బోర్డులను పెద్ద సంఖ్యలో నడిపేవాళ్లు లావా అనే సిస్టమ్ వాడతారు. ప్లగ్, సీరియల్ పోర్టు, బూట్‌లోడర్, మూడింటినీ అది చూసుకుంటుంది. కెర్నెల్‌సీఐ ప్రాజెక్టుకు ప్రపంచంలో చాలా చోట్ల నుంచి ఇలాంటి ల్యాబ్‌లు కలిసి పనిచేస్తున్నాయి. ఒక చిన్న ల్యాబ్ కూడా చేరొచ్చు. మన కాలేజీలో మూలన పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డులు చూసినప్పుడు నాకు అదే అనిపించింది.

ఇంకో జాగ్రత్త. నిజమైన మెషీన్‌లో పలక తుడిచి ఇచ్చే సౌకర్యం లేదు. సిజ్‌కాలర్ రూట్‌గా నడుస్తుంది, డిస్క్ మీద ఏమైనా రాస్తుంది. మీ ప్రాజెక్టు ఫైళ్లున్న మెషీన్‌ను ఎప్పుడూ ఇవ్వొద్దు. పక్కవాళ్ల మెషీన్‌ను, కాలేజీ సర్వర్‌ను అసలే ముట్టుకోవద్దు. ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అయ్యే బోర్డు అయితే ఇంకో కార్డు రాసి పెట్టుకోండి, చెడిపోగానే మార్చేయొచ్చు.

రెండో వరుసలో అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. ఆ అడిగింది అందరికీ వినపడిందా? "మా దగ్గర ఫోన్లూ లేవు, బోర్డులూ లేవు, 8 జీబీ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది సార్, మేము చేయగలిగింది ఏమైనా ఉందా?" అంటోంది. ఉంది తల్లీ. 8 జీబీలో 1.5 జీబీ చొప్పున రెండు క్యూఎమ్యూ మెషీన్లు బాగా నడుస్తాయి. అదీ వద్దనుకుంటే సిజ్‌బాట్ పేజీ తెరువు. ఎవరూ సరిచేయని బగ్‌లు అక్కడ బహిరంగంగా ఉన్నాయి. చాలావాటికి బగ్‌ను మళ్లీ రప్పించే చిన్న సీ ప్రోగ్రామ్ కూడా పక్కనే ఉంటుంది. ఒకటి ఎంచుకో, కోడ్ చదువు, నీకు తోచిన ప్యాచ్ రాయి. ఆ బగ్ మెయిల్‌కు జవాబుగా హ్యాష్ గుర్తు పెట్టి సిజ్ టెస్ట్ అని ఒక వరుస రాసి ప్యాచ్ జతచేసి పంపు. సిజ్‌బాట్ తన మెషీన్‌లోనే నీ ప్యాచ్‌తో కెర్నెల్ బిల్డ్ చేసి, ఆ ప్రోగ్రామ్ నడిపి, ఇంకా పడిపోతోందో లేదో నీకు మెయిల్ రాస్తుంది. నువ్వు ఇక్కడ హాస్టల్ గదిలో ఉంటావు, పడి లేచే మెషీన్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది. నీ ఖర్చు నెట్ బిల్లు ఒక్కటే. మొదటి ప్యాచ్‌కే ఒప్పుకుంటారని అనుకోవద్దు. నావి మొదట్లో మూడు తిరిగొచ్చాయి. ఎందుకు తిరిగొచ్చాయో మెయింటైనర్లు, అంటే ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు, ఓపిగ్గా రాసిన మెయిళ్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఇక ల్యాబ్‌లోకి వెళదాం. కిటికీ పక్కనున్న మెషీన్‌లో పొద్దున్నే క్యూఎమ్యూలు రెండు మొదలుపెట్టి వచ్చాను, ఈపాటికి ఏదో ఒకటి పడిపోయే ఉంటుంది. పేజీలో కాసాన్ అన్న పేరుతో ఏదైనా ఉంటే అందరం కలిసి మొదటి వరుస నుంచి చదువుదాం. నో ఔట్‌పుట్ ఫ్రమ్ టెస్ట్ మెషీన్ అని మాత్రమే ఉంటే కెర్నెల్‌ను అనుమానించే ముందు, కన్సోల్ పారామీటర్ సరిగ్గా రాశానా లేదా అన్నది చూడాలి. అది కూడా మీ ముందే చూస్తాను. పదండి.